మారేది సాఫ్ట్‌వేర్, చూసుకోవాల్సింది ఫైళ్లు

2003 మార్చిలో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ స్విట్జర్లాండ్‌లో గడుపుతున్న సెలవును మధ్యలో ఆపేసి, జర్మనీలోని మ్యూనిక్ మేయర్‌ను కలవడానికి వెళ్లారు. నగరపాలక సంస్థ కంప్యూటర్లను విండోస్ నుంచి లినక్స్‌కు, ఎంఎస్ ఆఫీస్ నుంచి ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కు మార్చాలన్న ఆలోచన అప్పుడు అక్కడ నడుస్తోంది. ఆయన వచ్చి వెళ్లినా నగర మండలి మనసు మార్చుకోలేదు. మే నెలలో మార్పుకే ఓటేసింది. పని పూర్తయ్యేసరికి పదేళ్లు పట్టింది. 2013 నాటికి దాదాపు 15,000 కంప్యూటర్లు మారాయి.

2017లో అదే నగరం మళ్లీ విండోస్‌కే వెళ్లాలని తీర్మానించింది.

ఉచిత సాఫ్ట్‌వేర్ ఆఫీసు పనికి పనికిరాదనడానికి ఇప్పటికీ చాలామంది మ్యూనిక్‌నే చూపిస్తారు. కానీ ఫ్రాన్స్‌లో పోలీసు విధులు నిర్వహించే జెండార్మరీ దళం 2005లోనే ఓపెన్‌ఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కు మారి, ఆ తర్వాత లినక్స్‌కూ వెళ్లి, అదే దారిలో కొనసాగింది. జర్మనీలోనే ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం దాదాపు 30,000 ప్రభుత్వ కంప్యూటర్లలో అలాంటిదే అయిన లిబ్రేఆఫీస్ పెట్టాలని 2024 ఏప్రిల్‌లో నిర్ణయించింది. మన దేశంలోనే కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటర్ పాఠాలు నేర్చుకుంటున్నారు.

లిబ్రేఆఫీస్ మూలాలు కూడా జర్మనీలోనే ఉన్నాయి. 1985లో మార్కో బోరీస్ అనే పదహారేళ్ల కుర్రాడు స్టార్ డివిజన్ అనే కంపెనీ పెట్టాడు. దాని స్టార్‌ఆఫీస్‌ను 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొని, మరుసటి ఏడాది సోర్స్ కోడ్‌ను అందరికీ ఇచ్చేసింది. అదే ఓపెన్‌ఆఫీస్ అయింది. 2010లో సన్ కంపెనీ ఒరాకిల్ చేతికి వెళ్లింది. ఓపెన్‌ఆఫీస్ భవిష్యత్తు మీద దిగులు పడిన ప్రోగ్రామర్లు అదే ఏడాది సెప్టెంబరులో విడిగా వచ్చి, డాక్యుమెంట్ ఫౌండేషన్ పేరుతో లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. కంపెనీ చేతులు మారినా కోడ్ జనం దగ్గరే ఉండబట్టి అది సాధ్యమైంది.

డబ్బు ఆదా అన్నది అందరికీ కనిపించే లాభం. అంతకన్నా పెద్దది ఫైలు. లిబ్రేఆఫీస్ సొంత ఫార్మాట్ ఓడీఎఫ్‌కు 2006లో ఐఎస్ఓ ప్రమాణం హోదా వచ్చింది. దాని లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చు. ఓడీఎఫ్‌లో రాసిన ఒక ఉత్తరానికి, అంటే ఓడీటీ ఫైలుకు, నకలు తీసి, పేరు చివర ఓడీటీ బదులు జిప్ అని మార్చి తెరవండి. అందులో కంటెంట్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంటుంది. దాన్ని మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే, గుర్తుల మధ్య మీరు టైపు చేసిన తెలుగు వాక్యాలు చదవడానికి వీలుగానే కనిపిస్తాయి. రేపు లిబ్రేఆఫీసే లేకుండా పోయినా ఆ రాత దక్కుతుంది.

పాత వర్డ్ ఫైళ్లను తెరిచినప్పుడే చిక్కు మొదలవుతుంది. ఒక పేజీలో సరిపోయిన ఉత్తరం రెండో పేజీలోకి జారుతుంది. చాలాసార్లు తప్పు ప్రోగ్రాముది కాదు, ఫాంటుది. కంప్యూటర్‌లో కాలిబ్రి లేకపోతే దాని బదులు మరో ఫాంటు వస్తుంది, అక్షరాల వెడల్పు మారి లైన్లు తెగిపోతాయి. అందుకే లిబ్రేఆఫీస్‌తో పాటు కాలిబ్రి కొలతలకే చేసిన కార్లిటో, టైమ్స్ న్యూ రోమన్ కొలతలకు చేసిన లిబరేషన్ సెరిఫ్ వస్తాయి. ఎక్సెల్ మాక్రోల సంగతి వేరు. కొన్ని నడుస్తాయి, కొన్ని మొరాయిస్తాయి. జీతాల లెక్కలన్నీ మాక్రోల మీదే నడిచే ఆఫీసు తొందరపడకూడదు.

తెలుగువాళ్లకు ఇంకో పని అదనంగా ఉంది. మన డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా పేరుకున్న పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖల్లో చాలా భాగం అను ఫాంట్లలో ఉన్నాయి. వాటిలో దాగి ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే, తెలుగు రూపం ఇచ్చేది ఫాంటు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే కనిపించేది అర్థంలేని గుర్తుల వరస. ఏ ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కు మారినా ఇది తీరదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి తెచ్చి, ఒత్తులూ గుణింతాలూ ఒకసారి ప్రూఫ్ చూసుకోవాల్సిందే. మారాలనుకునే ప్రచురణకర్తలు, సంస్థలు ముందు ఈ పని పెట్టుకుంటే మంచిది. మండలి, రామభద్ర, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పాతదాన్ని తీసేయక్కర్లేదు. రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉండొచ్చు. ముందు కొత్త ఉత్తరాలు, చిన్న పట్టికలు లిబ్రేఆఫీస్‌లో చేసి, చదవడానికి మాత్రమే పంపే కాగితాన్ని పీడీఎఫ్‌గా, అవతలివాళ్లు దిద్దాల్సినదాన్ని డాక్స్‌గా పంపితే సరిపోతుంది. తెలుగులో రాసేవాళ్లు ఆప్షన్స్‌లో భాషల పేజీ తెరిచి, కాంప్లెక్స్ టెక్స్ట్ భాషగా తెలుగును ఎంచుకోవాలి. ఇంగ్లిష్‌కూ తెలుగుకూ ఫాంటు, సైజు విడివిడిగా ఉంటాయని తెలియక చాలామంది మొదట్లో తికమకపడతారు.

మెనూలను తెలుగులో పెట్టుకునే వీలూ ఉంది. ఆ అనువాదం స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల చేతుల మీదుగా సాగుతుంది. ఏదైనా మెనూ మాట కృతకంగా అనిపిస్తే, ఆ అనువాదం జరిగే వెబ్‌లేట్ అనే వెబ్‌సైటులో ఖాతా తెరిచి అంతకన్నా మంచి మాట సూచించవచ్చు.