ఎత్తు చూస్తే చాలదు, గుండెనూ చూడాలి

అమెరికాలో ఎన్.బి.ఏ. బాస్కెట్‌బాల్ జట్లు ఏటా 'డ్రాఫ్ట్' అనే ఎంపిక ద్వారా యువ ఆటగాళ్లను తీసుకుంటాయి. ముందుగా వారి ఎత్తు, చేతుల పొడవు, ఎగిరే శక్తి కొలిచి, వైద్య పరీక్షలు చేస్తారు.

2014లో ఈ పరీక్షలకు వచ్చిన ఐజయా ఆస్టిన్ బాప్టిస్టు విశ్వవిద్యాలయమైన బేలర్ విద్యార్థి. ఎత్తు 7 అడుగుల 1 అంగుళం. కుడికంటికి చూపు లేకపోయినా చక్కగా ఆడేవాడు. అతని ఇ.సి.జి.లో తేడా కనిపించింది. మరిన్ని పరీక్షల్లో మార్ఫాన్ సిండ్రోమ్ అని తేలింది. డ్రాఫ్ట్‌కు కొద్దిరోజుల ముందే ఆట ఆపవలసి వచ్చింది. అయినా ఆ రోజు కమిషనర్ ఆడమ్ సిల్వర్ గౌరవంగా అతని పేరు పిలిచారు.

ఇది సుమారు 5,000 మందిలో ఒకరికి ఉండే జన్యులోపం. గుండె నుండి రక్తాన్ని తీసుకెళ్లే పెద్ద ధమని మెల్లగా ఉబ్బి, తీవ్రమైన శ్రమలో చిట్లవచ్చు. అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ 1986లో జపాన్‌లో ఆట మధ్యలో ఇలాగే మరణించారు. ఆమెకు ఈ జబ్బున్నట్లు మరణానంతరమే తెలిసింది.

ఐజయాకు ముందే తెలిసింది. 2016లో వైద్యులు అనుమతించాక విదేశాల్లో మళ్లీ ఆడాడు.

తల్లిదండ్రులారా, పొడవైన పిల్లలందరికీ ఈ జబ్బు ఉండదు. కాని బాగా సన్నగా, పొడవుగా ఉండి, వేళ్లు మరీ పొడవుగా ఉన్నా, చాచిన చేతుల కొలత ఎత్తును మించినా, రొమ్ము ఎముక లోపలికి పోయినా, వెన్ను వంకరగా ఉన్నా, కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించినా, ఆటల్లో చేర్చేముందు వైద్యునికి చూపించండి. అవసరమైతే ఎకో పరీక్ష చేస్తారు. దేవుడిచ్చిన ప్రతిభతోపాటు ప్రాణాన్నీ కాపాడుకుందాం.