దిగుడుదారిలో హైబ్రిడ్ కారుకు పగ్గం

హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. కృష్ణగిరి సుమారు 500 మీటర్ల ఎత్తున. శూలగిరి, మేలుమలై మీదుగా సాగే 44వ జాతీయ రహదారిపై (పెద్దల నోట ఇంకా 7వ నంబరే) బండి దాదాపు 400 మీటర్లు దిగుతుందన్నమాట. 1500 కిలోల కారు అంత దిగితే వెలువడే శక్తి సుమారు 1.6 యూనిట్ల విద్యుత్తుకు సమానం. మామూలు కారులో గాలి, టైర్ల రాపిడి తినగా మిగిలినది బ్రేకుల్లోనూ ఇంజనులోనూ వేడిగా వృథా అవుతుంది.

హైబ్రిడ్ కారులో యాక్సిలరేటరుపై కాలు తీయగానే చక్రాలే మోటారును తిప్పుతాయి. అది జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుంది. ఆ తిప్పే శ్రమే బండిని నిలువరిస్తుంది. సైకిలు డైనమోను టైరుకు ఆనిస్తే తొక్కుడు బరువెక్కడం పాతతరం పాఠకులకు అనుభవమే.

అయితే ఈ బ్యాటరీ చిన్నది. బెంగళూరు చెంత బిడదిలో తయారయ్యే టయోటా హైరైడర్ హైబ్రిడ్‌లో దాని సామర్థ్యం 0.76 యూనిట్లే, పూర్తిగా నిండకముందే కంప్యూటరు అడ్డుకుంటుంది. అప్పుడు మోటారు పట్టు సడలుతుంది. అందుకే గేరుమీటలో ‘బి’ అనే స్థానం ఉంది. అందులో ఉంచితే ఇంధనం లేకుండానే ఇంజను తిరిగి, గాలిని పీల్చి నొక్కే శ్రమతో వేగాన్ని అణచుతుంది. సమతల మార్గంలో దానితో పనిలేదు కనుక చాలామంది దానిని ముట్టనే ముట్టరు!

కృష్ణగిరి దాటి సేలం వైపు పోయేవారికి ధర్మపురి జిల్లాలో తొప్పూరు కనుమ ఎదురవుతుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలిన లారీలు అక్కడ అదుపు తప్పడం ఈ ప్రాంతీయులకు తెలిసినదే. హైబ్రిడ్‌లోనూ న్యూట్రల్‌లో మోటారు బ్యాటరీని నింపదు, బండిని పట్టదు. పల్లం మొదలుకాకముందే వేగం తగ్గించి ‘బి’లోకి మార్చాలి. బ్రేకుపై కాలు ఆనించి ఉంచక, అవసరమైనప్పుడు నొక్కి వదలాలి.