సొంత బావియా, కాలువ నీరా? - కంప్యూటరు ప్రోగ్రాములలో లైబ్రరీలు

మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతముల రైతులకు రెండు విధములైన నీటి వసతులు పరిచితములే. ఒకటి సొంత బావి. రెండవది 1967 ఆగస్టు 4న నీరు విడుదలైన నాగార్జునసాగర్ కుడి కాలువ. బావి ఉన్న రైతు ఎవరికోసమూ ఎదురుచూడనక్కరలేదు. కాని పూడిక తీయించుట, మోటారు బాగుచేయించుట అతని బాధ్యతే. కాలువ క్రింది రైతుకు ఆ శ్రమ లేదు. కాని ఎగువన గండిపడితే దిగువ పొలములన్నిటికీ ఒకేసారి నీరు ఆగిపోతుంది. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవారికి కూడ ఇటువంటి ప్రశ్నే ఎదురవుతుంది.

పెద్ద ప్రోగ్రామును మొదటినుండి చివరివరకు ఎవరూ కొత్తగా వ్రాయరు. అక్షరములను తెరపై కూర్చుట, బొమ్మలను విప్పి చూపుట వంటి పనులకు ఇతరులు ముందే వ్రాసి ఉంచిన భాగములను వాడుకుంటారు. వీటికి లైబ్రరీలని పేరు. లైబ్రరీ నకలును ప్రోగ్రాముతోపాటే కట్టి ఇవ్వడము ఒక పద్ధతి. కంప్యూటరులో ఒకచోట ఉన్న లైబ్రరీని అనేక ప్రోగ్రాములు పంచుకొనడము రెండవ పద్ధతి. విండోసుతో వచ్చే డి.ఎల్.ఎల్. ఫైళ్లలో అనేకము ఇటువంటి ఉమ్మడి లైబ్రరీలే.

పంచుకొనుటలోని మంచిచెడ్డలు రెండూ 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరము మూలమున బయటపడినవి. 'జ్ఞా' అనే అక్షరము నడుమ, కంటికి కనిపించని ఒక సంకేతమును చేర్చి పంపితే, ఐఫోనులో దానిని చూపబోయిన ప్రోగ్రాము వెంటనే ఆగిపోయేది. ఫోనుతో వచ్చే సందేశముల ప్రోగ్రాము మొదలు వాట్సాప్ వరకు అనేకము ఇట్లే దెబ్బతిన్నవి. ఇందుకు కారణమేమి? అవన్నీ అక్షరముల కూర్పునకు ఆపిల్ వారి కోర్‌టెక్స్ట్ అనే ఒకే లైబ్రరీపై ఆధారపడినవి. దోషము ఆ లైబ్రరీలో ఉన్నది. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దానిని సరిదిద్దినది. ఆ ప్రోగ్రాములను వ్రాసినవారు వేరుగా ఏమీ దిద్దవలసిన అవసరము లేకపోయినది.

ఇక నకలు కట్టి ఇచ్చే పద్ధతి. బొమ్మలను విప్పే లిబ్‌వెబ్‌పి అనే లైబ్రరీలో, దుండగులు చొరబడుటకు వీలిచ్చే దోషమొకటి 2023 సెప్టెంబరులో బయటపడినది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ మొదలైన అనేక ప్రోగ్రాములు దాని నకలును తమతోనే ఉంచుకొన్నవి. అందుచేత ఒకచోట దిద్దితే సరిపోలేదు. ప్రతి ప్రోగ్రామునకూ వేరుగా కొత్త వెర్షన్ విడుదల చేయవలసివచ్చినది. బావి పోలిక ఇక్కడ చెల్లదు. ఒక బావి నీరు చెడినా పక్క బావి నీరు బాగుండవచ్చును. ప్రోగ్రాములలోని నకళ్లన్నీ ఒకే మూలమునుండి వచ్చినవి గనుక దోషము అన్నిటిలోను ఉంటుంది. మందు మాత్రము ఒక్కొక్కదానికి విడిగా వేయవలెను.

అట్లని ఎల్లప్పుడు బయటి మూలముపై ఆధారపడుటే మేలనలేము. 2016 మార్చి 22న లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరుసల లైబ్రరీని దాని రచయిత ఎన్‌పిఎం అనే ఉమ్మడి భాండారమునుండి తొలగించెను. నిర్మాణ సమయమున దానిని అక్కడినుండి తెచ్చుకొనే వేలకొలది ప్రాజెక్టులు నిలిచిపోయినవి. కొద్ది గంటలలో నిర్వాహకులే దానిని తిరిగి ఉంచవలసివచ్చినది. సొంత నకలు దాచుకొన్నవారికి ఈ చిక్కు లేదు.

కాబట్టి సందర్భమును బట్టి నిర్ణయించుకొనవలెను. ఇంటర్నెట్ నిలకడగా అందని పాఠశాలలో పెన్‌డ్రైవుతో తెచ్చి వేసే ప్రోగ్రామునకు లైబ్రరీలన్నీ కట్టి ఇవ్వడమే అనుకూలము. క్రమముగా సవరణలు అందే కంప్యూటరులో పంచుకొనుట మేలు. డెబియన్ లినక్సు నిర్మాతలు సాధ్యమైనంతవరకు ఈ పద్ధతినే పాటిస్తారు.

ఏది ఎంచుకొన్నా తప్పని పని ఒకటి ఉన్నది. ఏ లైబ్రరీ, ఏ వెర్షన్, ఎక్కడినుండి తెచ్చినదీ ఒక పట్టికలో వ్రాసి ఉంచవలెను. దోషము బయటపడిన నాడు "ఇది మన ప్రోగ్రాములో ఉన్నదా?" అనే ప్రశ్నకు జవాబు ఆ పట్టికలోనే దొరుకుతుంది. విద్యార్థులు చేసే చిన్న ప్రాజెక్టులతోనే ఉపాధ్యాయులు ఈ అలవాటు నేర్పవచ్చును.