దీర్ఘదూర క్రీడాకారులకు బల శిక్షణ

మారథాన్ పరుగు, సైకిల్ పోటీలు, దూరపు ఈత, ట్రయథ్లాన్ వంటి ఓర్పు ప్రధానమైన క్రీడలలో పాల్గొనేవారు కండరాల బలం పెంచుకొనుటకు చేసే వ్యాయామాలను బల శిక్షణ అంటారు. బరువులు ఎత్తడం, బస్కీలు తీయడం, బరువుతో మెట్లెక్కడం, గెంతడం ఇందులోని ముఖ్యమైన వ్యాయామాలు. గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని పెంచే ప్రధాన శిక్షణకు ఇది తోడే గాని ప్రత్యామ్నాయం కాదు.

చరిత్ర

బరువులు ఎత్తితే కండలు పెరిగి శరీరం బరువెక్కుతుందనీ, అందువలన పరుగు మందగిస్తుందనీ చాలాకాలం పలువురు శిక్షకులు భావించేవారు. ఈ అభిప్రాయాన్ని కాదన్నవారిలో ఆస్ట్రేలియాకు చెందిన పెర్సీ సెరుటీ ఒకడు. అతను పోర్ట్‌సీ సముద్రతీరంలో శిష్యులను ఇసుక దిబ్బలపై పరుగెత్తించడమే గాక వారిచేత బరువులు కూడా ఎత్తించేవాడు. అతని శిష్యుడు హెర్బ్ ఇలియట్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల పరుగును 3 నిమిషాల 35.6 సెకండ్లలో ముగించి, ప్రపంచ రికార్డుతో స్వర్ణపతకం సాధించాడు. న్యూజీలాండ్ శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ కొండవాలుపై గెంతుతూ ఎక్కే వ్యాయామాల ద్వారా కాళ్ళ బలాన్ని పెంచేవాడు.

శరీరంలో జరిగే మార్పులు

బల శిక్షణ వలన శరీరం వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్ పరిమాణం సాధారణంగా పెరగదు. లాభం ఇతర మార్గాలలో కలుగుతుంది.

* మొదటి కొద్ది వారాలలో కండరం పరిమాణం కన్న నాడీవ్యవస్థ పనితీరే ఎక్కువగా మెరుగుపడుతుంది. నాడులు ఒకేసారి ఎక్కువ కండర తంతువులను పనిలోకి దింపగలుగుతాయి.
* కండరాన్ని ఎముకతో కలిపే స్నాయువులు బిగువెక్కుతాయి. ఇవి స్ప్రింగు వలె పనిచేసి, పాదం నేలను తాకినపుడు నిలువ చేసుకొన్న శక్తిని తిరిగి అందిస్తాయి.
* ప్రతి అడుగుకు గరిష్ఠ బలంలో తక్కువ వంతు సరిపోతుంది. ఉదాహరణకు, 100 కిలోల బలం గల కాలికి ఒక్కో తొక్కుడులో 20 కిలోల బలం అవసరమైతే అది 20 శాతం. అదే కాలి బలం 125 కిలోలకు పెరిగితే 16 శాతమే అవుతుంది. అందువలన త్వరగా అలసిపోయే తంతువుల అవసరం ఆలస్యంగా కలుగుతుంది.

పరిశోధనలు

1980లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హిక్సన్ మూడు బృందాలకు 10 వారాలు శిక్షణ ఇచ్చి పరిశీలించాడు. బలం, ఓర్పు రెండింటికీ కలిపి తీవ్రంగా శ్రమించిన బృందంలో బలం కొన్ని వారాలు పెరిగి, ఆ తరువాత నిలిచిపోయి, చివరకు కొంత తగ్గింది. కాని వారి ఓర్పుకు నష్టం కలుగలేదు. బలాన్ని కోరేవారికి ఇది హెచ్చరిక, ఓర్పును కోరేవారికి ఇది ధైర్యం.

1999లో ఫిన్లాండ్‌లో లీనా పావొలైనెన్ బృందం పరుగు శిక్షణలో కొంత భాగాన్ని తగ్గించి, దాని స్థానంలో 9 వారాలపాటు గెంతుడు, వేగపు వ్యాయామాలు చేయించింది. గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం పెరగకపోయినా 5 కిలోమీటర్ల పరుగు సమయం సుమారు 3 శాతం తగ్గింది. 2008లో నార్వేలో జరిగిన అధ్యయనంలో, 8 వారాలు ఎక్కువ బరువుతో సగం బస్కీలు తీసినవారికి అదే వేగంతో పరుగెత్తుటకు అయ్యే ఆక్సిజన్ ఖర్చు 5 శాతం తగ్గింది.

శిక్షణ విధానం

తక్కువ బరువును అనేకసార్లు ఎత్తడం వలన ప్రయోజనం స్వల్పం. వేలకొద్దీ అడుగులు వేసే పరుగులోనే అటువంటి శ్రమ ఇమిడి ఉన్నది. కనుక సరైన భంగిమ అలవడిన తరువాత బరువును క్రమంగా పెంచుతూ, ఒక్కో విడతకు 4 నుండి 8 సార్లు, మధ్య 2-3 నిమిషాల విశ్రాంతితో 3 లేక 4 విడతలు చేయడం పరిపాటి. పోటీలు లేని కాలంలో వారానికి రెండు రోజులు చేస్తారు. పోటీల కాలంలో వచ్చిన బలాన్ని నిలుపుకొనుటకు ఒక రోజు చాలు. కఠినమైన పరుగుకూ దీనికీ మధ్య కొన్ని గంటల వ్యవధి ఉండాలి.

వ్యాయామశాల అందుబాటులో లేనివారు ఇసుక నింపిన సంచి, మెట్లు, కొండవాలు వంటి వాటితో ఆరంభించవచ్చు.

జాగ్రత్తలు

కీళ్ళలో నొప్పి కలిగితే ఆ వ్యాయామాన్ని ఆపివేయాలి. బాలబాలికలు శిక్షకుని పర్యవేక్షణలో, తేలికపాటి బరువుతో మాత్రమే మొదలుపెట్టాలి. బరువు తగ్గాలనే తపనతో ఆహారం తగ్గించి శ్రమను పెంచితే ఎముకలు బలహీనపడతాయి, స్త్రీలలో ఋతుక్రమం ఆగిపోవచ్చు. ఈ స్థితిలో బల శిక్షణ పెంచడం కాక, ముందు చాలినంత ఆహారం తీసుకొని వైద్యుని సంప్రదించడం అవసరం. గుండె జబ్బు, అధిక రక్తపోటు గలవారు వైద్య సలహా లేకుండా ఎక్కువ బరువులు ఎత్తరాదు.

ఇవి కూడా చూడండి

* మారథాన్
* వ్యాయామం
* కండరము