ఇంటి కంప్యూటరునకు కావలి



నేను ముప్పదియైదు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. యంత్రవిద్య నాకు గురుముఖమున లభించినది కాదు, దెబ్బతిని నేర్చుకొన్నది. కావున నేడు మీయెదుట శాస్త్రజ్ఞునివలె గాక, ఒకమాఱు ఇల్లు దోచబడిన పిమ్మట గడియలు సరిచూచుకొన్న గృహస్థువలె మాటలాడుచున్నాను. మీలో కొందఱి యిండ్లలో కంప్యూటరు కలదు. లేనివారి చేతిలో సెల్‌ఫోను కలదు. అదియు చిన్న కంప్యూటరే గనుక నా మాటలు రెంటికిని చెల్లును.

మా వంశమున పూర్వు లొకరు రచించిన అముద్రిత ప్రబంధ మొకటి తాటాకులపై మిగిలియుండెను. ఆకులు చిల్లులు పడుచుండగా, ఉద్యోగవిరమణానంతరము నాలుగేండ్లు శ్రమించి, దానిని నా టీకతోగూడ కంప్యూటరులో నెక్కించితిని. ఒకనాటి ప్రాతఃకాలమున యంత్రమును తెఱచి చూడగా ప్రతి పత్రము పేరునకును ఏదో యెఱుగని తోక తగిలియున్నది. ఒక్కటియు తెఱచుకొనలేదు. తెరపై ఆంగ్లమున నొక ప్రకటన: మూడు దినములలో బిట్‌కాయిన్ల రూపమున సొమ్ము చెల్లించినచో తాళపుచెవి యిచ్చెదము, లేనిచో నీ పత్రములపై ఆశ వదలుకొనుము అని.

ఇది ఎట్లు దాపురించెనో చెప్పుటకు సిగ్గగుచున్నది. వెలయిచ్చి కొనవలసిన అందమైన తెలుగు అక్షరముల సాఫ్ట్‌వేరును ఎవరో ఉచితముగా పంచుచున్నారని చూచి ఆశపడి దింపుకొంటిని. "మీ యంత్రమందలి రక్షణ సాఫ్ట్‌వేరు దీనికి అడ్డుపడును, కొంతసేపు దానిని నిలిపివేయుడు" అని అందు వ్రాసియుండెను. నిలిపివేసితిని. దొంగచేతికి తాళములిచ్చుట యనగా నిదియే.

కంప్యూటరు ఆజ్ఞలను వరుసగా నెఱవేర్చు యంత్రము. ఆజ్ఞ యజమానుడిచ్చినదా, దొంగ యిచ్చినదా యను వివేకము దానికి స్వతస్సిద్ధముగ లేదు. చెఱుపు గోరి వ్రాయబడిన ఆజ్ఞల మూటనే మాల్‌వేరు అందురు. అందు మఱియొక పత్రము నంటిపెట్టుకొని వ్యాపించునది వైరసు. తనంతట తానే యంత్రమునుండి యంత్రమునకు ప్రాకునది వర్మ్, అనగా పురుగు. పైకి పనికివచ్చు వస్తువువలె గనబడి లోపల వేఱొకటి యైనది ట్రోజన్. పత్రములకు తాళమువైచి సొమ్మడుగునది రాన్సమ్‌వేరు. నాకు తగిలినది ఈ కడపటిది. వచ్చినది ట్రోజన్ వేషమున.

నేను సొమ్ము పంపలేదు. పంపినను తాళపుచెవి యిచ్చుననుటకు దొంగమాట యే ప్రమాణము గదా. డచ్చి పోలీసులును, యూరోపోల్ సంస్థయు, మఱికొందఱును గూడి 2016లో 'నో మోర్ రాన్సమ్' అను ఏర్పాటు గావించిరి. కొన్నివిధముల తాళములకు అచట ఉచితముగా చెవులు దొరకును. నా తాళమునకు దొరకలేదు. ఎన్నడైన దొరకునేమో యని ఆ డిస్కును అట్లే దాచియుంచితిని.

ఇట్టి యాపద అజ్ఞానులకే కలుగునని తలపకుడు. 2000 మే 4వ తేదీన ఫిలిప్పీన్సు దేశమునుండి బయలుదేరిన యొక ఈమెయిలు 'నిన్ను ప్రేమించుచున్నాను' అను శీర్షికతో లోకమంతయు చుట్టినది. ప్రేమలేఖ యని తెఱచినవారి చిరునామాల పుస్తకములోని వారికందఱకు అదియే తిరిగి పోయెడిది. ఆనాడు ఆ దేశమున దానికి తగిన చట్టమే లేకుండెను. 2017 మే 12న వన్నాక్రై అనునది విజృంభించి ఇంగ్లండులోని వైద్యశాలలను స్తంభింపజేసినది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖలోని కొన్ని కంప్యూటర్లను సైతము పట్టినది. ఇందు విచారింపదగిన దేమనగా, ఆ పురుగు దూఱిన రంధ్రమును పూడ్చు మరమ్మతును మైక్రోసాఫ్టు సంస్థ అదే సంవత్సరము మార్చిలోనే విడుదల చేసియుండెను. రెండుమాసములు దానిని వేసికొననివారే ప్రధానముగ చిక్కిరి.

తాటాకు కప్పును ఏటేట వానలకు ముందు నేయించుకొనుట మీరెఱుగుదురు. కంప్యూటరు 'అప్‌డేటు' అని అడుగునది అదియే. విసుగుకొని 'తరువాత' అను మీటను నొక్కుట కప్పు నేయక వదలుటయే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణముగ వచ్చుచుండిన మరమ్మతులు నిలిచినవి. పాత యంత్రముగలవారు ఈ సంగతి పిల్లలచేత విచారింపజేయవలెను.

ఇక పాస్‌వర్డు విషయము. దీనిని నా శాస్త్రముతో చెప్పెదను గాక. ఛందస్సులో ప్రస్తార మనునది యొకటి కలదు. ఒక్క అక్షరమునకు గురువు, లఘువు అని రెండు రూపములు, రెండక్షరములకు నాలుగు, మూడింటికి ఎనిమిది, అవియే మన మగణాది గణములు. ఇట్లు రెట్టింపగుచు ఇరువదియాఱు అక్షరముల పాదమునకు 6,71,08,864 వృత్తములు పుట్టును. పాఠశాలలో నాలుగక్షరముల ప్రస్తారము వ్రాయుమన్నంతనే పిల్లలు గడియారమువంక చూచెడివారు. కంప్యూటరునకు అట్టి విసుగు లేదు.

ఆంగ్లమున చిన్నబడి అక్షరములు ఇరువదియాఱు. వానితో ఎనిమిది అక్షరముల పాస్‌వర్డు చేసినచో ప్రస్తారసంఖ్య 20,882 కోట్లకు పైబడును. ఎంతయో యనిపించును. కాని ఏదో సంస్థనుండి దొంగిలించిన పాస్‌వర్డుల పట్టికను ముందుంచుకొని, సెకనుకు వేయికోట్ల చొప్పున సరిచూడగల యంత్రము నుపయోగించినచో అంతయు ఇరువదియొక్క సెకన్లలో ముగియును. అక్షరములను పదునాఱు చేయుడు. ఆ యంత్రమునకే లక్ష సంవత్సరములు చాలవు. నిడివియే బలము. అయితే ఈ లెక్క అక్షరములు తోచినట్లు కలిసినపుడు మాత్రమే. దొంగ ప్రస్తారమును మొదటి వరుసనుండి ఆరంభింపడు. 123456, దేవుళ్ల పేర్లు, పుట్టిన సంవత్సరములు, వీనిని మొదట చూచును. నాది మనుమని పేరును, వాని జన్మసంవత్సరమును. దానిని గోడమీది క్యాలెండరుపై వ్రాసియుంచితిని గూడ.

ప్రసిద్ధపద్యపాదము నొకదానిని పెట్టుదమాయని చదువుకొన్నవారికి తోచును. వలదు, ఆ పద్యములు దొంగకును అందుబాటులోనివే. ఒకదానితో నొకటి పొత్తులేని నాలుగైదు మాటలను, మీ దొడ్డిలోనివి, పొలములోనివి, వంటయింటివి, ఏఱి కూర్చుడు. బ్యాంకునకు వేఱు, ఈమెయిలుకు వేఱు ఉండవలెను. ఒకచోట బయటపడినది అన్నిచోట్ల తలుపు తీయరాదు. ఇన్ని జ్ఞాపకముండునా యందురు. పుస్తకమున వ్రాసి పెట్టెలో పెట్టి తాళము వేయుడు. ఇది తప్పని కుఱ్ఱవారు నన్నాక్షేపించుచుందురు. కాని దూరదేశమున గూర్చున్న దొంగకు మన పెట్టె కనబడదు. పుస్తకమునకు భయపడి అన్నింటికిని ఒక్కటే పెట్టుకొనుట యే యెక్కువ ప్రమాదమని నా తలంపు. దీనిపైన రెండవ గడియ యొకటి కలదు: పాస్‌వర్డు చెప్పిన పిమ్మటను ఫోనుకు వచ్చు సంఖ్యను అడుగునది. దానిని తప్పక పెట్టించుకొనుడు. ఆ సంఖ్యను, అనగా ఓటీపీని, ఎవరడిగినను చెప్పకుడు.

గడియలెన్ని యున్నను, మనమే లేచి తలుపు తీసినచో ఫలమేమి? ముద్రారాక్షసనాటకమున చాణక్యుడు రాక్షసమంత్రి ఉంగరమును సంపాదించి, తాను కల్పించిన లేఖపై దానితో ముద్రవేయించును. మలయకేతువు ముద్రను చూచి నమ్మి, హితుడైన రాక్షసునే వెడలగొట్టును. ముద్ర నిజము, లేఖ అబద్ధము. నేడు బ్యాంకు చిహ్నముతో, పోలీసు చిహ్నముతో వచ్చు లేఖలును ఇట్టివే. పూర్వము వానిలో అచ్చుతప్పులను బట్టి మోసమును పసికట్టెడివారము. ముద్రారాక్షసములే మనల రక్షించినవి. ఇప్పుడు యంత్రములే తప్పులేని తెలుగు వ్రాయుచున్నవి గనుక ఆ గుఱుతు నమ్మదగినది కాదు. పంపినవా డెవడని గాక, ఏమడుగుచున్నాడు, ఏల తొందరపెట్టుచున్నాడని చూడవలెను.

తెరపై ఎఱ్ఱని ప్రకటన మెఱసి, 'వైరసు చొచ్చినది, ఈ నంబరునకు ఫోను చేయుడు' అని మొత్తుకొనును. చేసినచో అవతలివాడు ఒక ఆప్‌ను వేయించి, దూరమునుండియే మన యంత్రమును తాను నడపును. అట్టి ప్రకటన కనబడినప్పుడు యంత్రము నాపివేయుటయే పని. సొమ్ము మనకు వచ్చునని చెప్పి యూపీఐ పిన్ను కొట్టుమనువాడు మోసగాడు. పుచ్చుకొనుటకు పిన్ను అక్కఱలేదు.

నా మిత్రు డొకడు, మంచి లౌక్యుడు, ఒకనాడు గది తలుపు వేసికొని ఫోను ఎదుట చేతులు కట్టుకొని మూడుగంటలు గూర్చుండెను. ఖాకీ దుస్తులవా డొకడు తెరపై గనబడి, నీపేర వచ్చిన పొట్లములో మత్తుమందు దొరకినది, నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి, కదలరాదు, ఎవరితోడను పలుకరాదు అనెనట. భోజనమునకు పిలువవచ్చిన ఆయన యిల్లాలు చూచి, "పోలీసులకు మీతో పనియుంటే మన వీధికి దారి తెలియదటండీ?" అని ఫోను కట్టివేసినది. నలుబదివేలు అంతకుముందే పోయినవి. మన చట్టములలో డిజిటల్ అరెస్టు అనునది లేనే లేదు. ఆమె ప్రోద్బలముననే వెంటనే 1930 నంబరునకు ఫోను చేయగా కొంతసొమ్ము దారిలోనే నిలిచినది. సొమ్ము ఖాతాలు మాఱకమునుపే చెప్పవలెను గనుక, సిగ్గుపడి రాత్రి గడపుట తగదు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వపు చోటున వ్రాతమూలకముగను ఫిర్యాదు చేయవచ్చును.

పూర్వగ్రంథములు మనదాక వచ్చుటకు కారణము ప్రతులు. ఒకయింట చెదలు తిన్నను వేఱొకయింట మిగిలినది. నాకీ సంగతి వృత్తిరీత్యా తెలిసియు ఒక్క ప్రతితో గూర్చుంటిని. ఇప్పుడు ప్రతి ఆదివారము విడిడిస్కున ప్రతి తీసి, తీసినవెంటనే దానిని యంత్రమునుండి వేఱుచేసి బోషాణములో పెట్టుచున్నాను. తగిలియున్నచో రాన్సమ్‌వేరు దానిని సైతము పట్టును. మఱియొక ప్రతి తెనాలిలో మా అమ్మాయి యింట నున్నది.

ప్రబంధమును తాటాకులు చూచి మరల ఎక్కించుచున్నాను. మూడవ యాశ్వాసమున నలువది పద్యములు పూర్తియైనవి. టీక మాత్రము ఆకులలో లేదు. జ్ఞాపకమున్నంత మట్టుకు తిరిగి వ్రాయుచున్నాను.