పాత లెక్కలు అటకెక్కేదెలా?

టీకొట్టు దగ్గర పది రూపాయలు స్కాన్ చేసి కట్టినా, ఆ చెల్లింపు బ్యాంకు డేటాబేస్‌లో ఒక వరుసగా చేరుతుంది. 2023 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు ఒక్క నెలలోనే వెయ్యి కోట్లు దాటాయి. మనీ లాండరింగ్ నిరోధక చట్టం ప్రకారం బ్యాంకులు లావాదేవీల వివరాలను ఐదేళ్లపాటు భద్రపరచాలి. నిన్నటి చెల్లింపు కోసం ఖాతాదారులు మళ్లీ మళ్లీ చూసుకుంటారు. నాలుగేళ్ల కిందటిది మాత్రం పన్ను నోటీసో కోర్టు వ్యవహారమో వస్తే తప్ప ఎవరూ అడగరు. రెండింటినీ ఖరీదైన ఎస్‌ఎస్‌డీల మీదే ఉంచడం డబ్బు దండగ. పాతవాటిని చౌకైన, నెమ్మదైన డిస్కులకు తరలించాలి. తరలింపు సాగుతున్నంతసేపూ చెల్లింపులు మాత్రం ఆగకూడదు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టేబుల్‌ను వేరే డిస్కుకు మార్చడానికి ఒక్క ఆదేశం చాలు. కానీ ఆ పని పూర్తయ్యేదాకా టేబుల్ మీద లాక్ పడుతుంది. రాయడం మాట అటుంచి, చదవడం కూడా కుదరదు. అందుకే తెలిసినవాళ్లు టేబుల్‌ను ముందే నెలల వారీ పార్టిషన్లుగా విడగొడతారు. మార్పులు ఆగిపోయిన పాత నెలను నెమ్మదైన డిస్కు మీద కొత్త టేబుల్‌గా కాపీ చేసి, వరుసల సంఖ్యను, మొత్తాలను సరిచూస్తారు. అప్పుడు పాత పార్టిషన్‌ను విడదీసి, ఆ చోట కొత్తదాన్ని తగిలిస్తారు. రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి, లేకపోతే మధ్యలో ఆ నెల లెక్కలే కనబడవు. కొత్త టేబుల్‌లో ఫలానా తేదీల వరుసలే ఉన్నాయని చెక్ నిబంధన ముందే పెట్టుకుంటే లాక్ క్షణకాలంలో వదులుతుంది. అది లేకుంటే డేటాబేస్ ప్రతి వరుసనూ తనే పరిశీలిస్తుంది.

అసలు ప్రమాదం లాక్ దొరకక ముందే మొదలవుతుంది. ఎవరిదో పెద్ద రిపోర్టు నడుస్తుంటే లాక్ కోసం ఆగాలి. ఈలోగా వచ్చిన కొత్త క్వెరీలన్నీ ఆ లాక్ అభ్యర్థన వెనకే నిలబడిపోతాయి. కొన్ని సెకన్లలో లాక్ దొరక్కపోతే ప్రయత్నం మానుకుని, కాసేపాగి మళ్లీ అడిగేలా లాక్ టైమౌట్ పెట్టుకోవడం తప్పనిసరి. పాత కాపీని వెంటనే చెరిపేయకపోవడమూ అంతే ముఖ్యం.

ఫొటోల విషయంలో ఫేస్‌బుక్ ఇంజనీర్లు ఈ పనిని ఇంకా పెద్ద ఎత్తున చేశారు. ఆ వివరాలు 2014లో ప్రచురించారు. కొత్త ఫొటోలుండే హేస్టాక్ అనే నిల్వ వ్యవస్థలో, కాపీలన్నీ కలుపుకుంటే, ఒక్కో జీబీకి 3.6 జీబీల చోటు పట్టేది. పాతవాటికోసం కట్టిన ఎఫ్4లో అది 2.1కి దిగింది. హేస్టాక్‌లో ఒక వాల్యూమ్, అంటే ఎన్నో ఫొటోలను కలిపి దాచే పెద్ద ఫైలు, సుమారు 100 జీబీలకు చేరగానే మూసేస్తారు. ఆపైన దాంట్లో కొత్త ఫొటోలు చేరవు కాబట్టి తీరిగ్గా తరలించవచ్చు. మరి యూజరు తన ఫొటో తొలగిస్తే? దానికి వాళ్లు చూపిన దారి ముచ్చటైనది. ప్రతి ఫొటోనూ వేర్వేరు కీతో ఎన్‌క్రిప్ట్ చేసి, కీలను మరో డేటాబేస్‌లో దాచారు. ఆ కీని చెరిపేస్తే చాలు, డిస్కు మీద మిగిలింది ఇక ఎవరికీ అర్థం కాదు.

ఎంత పాతబడితే పంపాలన్నది వాళ్లు ఊహకు వదల్లేదు, రిక్వెస్టులు లెక్కపెట్టారు. చాలా రకాల ఫైళ్లకు నెల రోజుల గడువు సరిపోయింది, మామూలు ఫొటోలకు మూడు నెలలు కావాల్సి వచ్చింది. ప్రొఫైల్ ఫొటోలకు మాత్రం రోజులు గడిచినా చూసేవాళ్లు తగినంతగా తగ్గలేదు. వాటిని ఎఫ్4కు పంపనేలేదు.