వంద వాట్ల ఊరు, హద్దుల్లేని పాట

బ్రిస్టల్‌లో రోడ్డు దాటితే రాష్ట్రం మారిపోతుంది. స్టేట్ స్ట్రీట్‌కు ఉత్తరం పక్క దుకాణాలు అమెరికాలోని వర్జీనియావి, దక్షిణం పక్కవి టెనెసీవి. రోడ్డు నడుమ పాతిన ఇత్తడి బిళ్లలే సరిహద్దు. ఇక్కడికి కూతవేటు దూరంలో, వర్జీనియా వైపు, ఒకప్పటి కార్ల షోరూమ్ 2014లో కంట్రీ సంగీత మ్యూజియం అయింది. ఆ మ్యూజియంలోనే 2015 నుంచి నిజమైన స్టేషనొకటి నడుస్తోంది. పేరు రేడియో బ్రిస్టల్.

దానిది లో పవర్ ఎఫ్‌ఎం లైసెన్సు. 100 వాట్లు మించకూడదు, వాణిజ్య ప్రకటనలు వేయకూడదు. సిగ్నల్ అయిదారు కిలోమీటర్లు వెళ్లడమే గొప్ప. ఆపైన మోసుకెళ్లేదంతా ఇంటర్నెట్టే.

టోపీల భవనంలో మైకు

ఈ ఊరికి పాటతో చుట్టరికం పాతది. 1927 వేసవిలో విక్టర్ రికార్డుల కంపెనీ తరఫున వచ్చిన రాల్ఫ్ పీర్, స్టేట్ స్ట్రీట్‌లోని ఓ టోపీల కంపెనీ పాత భవనంలో రికార్డింగ్ యంత్రాలు దించాడు. రికార్డుల మీద గాయకుడు ఎర్నెస్ట్ స్టోన్‌మన్ అంతకు ముందు ఏడాది 3,600 డాలర్లు సంపాదించాడని స్థానిక పత్రిక రాసేసరికి, చుట్టుపక్కల కొండల్లోని కళాకారులంతా బ్రిస్టల్ దారి పట్టారు. మొత్తం 19 బృందాలు, 76 రికార్డింగులు. కార్టర్ ఫ్యామిలీ, జిమ్మీ రాడ్జర్స్ లోకానికి తెలిసింది అక్కడినుంచే.

1946లో డబ్ల్యూసీవైబీ స్టేషన్ వచ్చింది. దాని మధ్యాహ్నపు ‘ఫార్మ్ అండ్ ఫన్ టైమ్’లో స్టాన్లీ బ్రదర్స్, ఫ్లాట్ అండ్ స్క్రగ్స్ వాయించేవారు. వాళ్లకు రేడియో ఇచ్చే డబ్బుకన్నా, రేడియోలో చెప్పుకునే మాట ముఖ్యం. ‘శనివారం ఫలానా బడిలో మా కచేరీ’ అంటే చాలు, సాయంత్రానికి హాలు నిండేది. సిగ్నల్ ఎంతవరకు వినిపిస్తే అంతవరకూ వాళ్ల మార్కెట్టే.

వాయించినవాళ్లకు ఏమిటి?

స్టాన్లీ బ్రదర్స్ లాంటివాళ్లు వాయించిన బ్లూగ్రాస్ సంగీతం 1940లలో బిల్ మన్రో బ్యాండుతో రూపు కట్టింది. పాత పద్ధతిలో అందరూ ఒకే మైకు చుట్టూ నిలబడతారు. బాంజో వంతు రాగానే ఆ మనిషి వాద్యాన్ని ఛాతీ దాకా ఎత్తి అడుగు ముందుకేస్తాడు, ఫిడేలు మనిషి పక్కకు తప్పుకుంటాడు. అంతకు ముందు నుంచీ ఉన్న ఓల్డ్‌టైమ్ సంగీతంలో ఈ వంతులు అంతగా కనిపించవు. నాట్యం చేసేవాళ్లు ఆగేదాకా ఫిడేలూ బాంజో ఒకే వరసను తిప్పి తిప్పి పలుకుతుంటాయి.

ఆ వరసల్లో చాలావాటికి కర్త ఎవరో తెలియదు. డబ్బు దగ్గర పేచీ అక్కడే వస్తుంది. అమెరికాలో ఎఫ్‌ఎం స్టేషన్లు పాట కట్టినవాళ్లకే రాయల్టీ ఇస్తాయి. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు ఇవ్వాలన్న చట్టం లేదు. అదే పాట ఇంటర్నెట్‌లో వేస్తే మాత్రం ఇవ్వాలి. ఆ సొమ్మును సౌండ్‌ఎక్స్ఛేంజ్ అనే సంస్థ వసూలు చేసి పంచుతుంది. రికార్డింగ్ హక్కుదారుకు 50 శాతం, ప్రధాన కళాకారులకు 45 శాతం, తోడు వాయించినవాళ్ల నిధికి 5 శాతం. సొంత ఖర్చుతో రికార్డు చేసుకున్న బ్యాండుకు మొదటి రెండు వాటాలూ తనవే. అలాగని ఇల్లు గడుస్తుందని కాదు. ఒక్కో ప్రసారానికి దక్కేది సెంటులో చిన్న ముక్క. అయినా ఎఫ్‌ఎంలో సున్నా అయిన పాట, అదే క్షణంలో ఆన్‌లైన్‌లో ఎంతోకొంత తెస్తుంది.

పోయిందీ ఒకటుంది. ఎక్కడో టోక్యోలో వినే శ్రోత శనివారం కచేరీకి రాడు. శ్రోతలు పెరిగినంత మాత్రాన హాలు నిండదు. ఈ లోటు గుర్తెరిగే కాబోలు, రేడియో బ్రిస్టల్ పాత ‘ఫార్మ్ అండ్ ఫన్ టైమ్’ను మళ్లీ మొదలుపెట్టింది. మ్యూజియం హాల్లో జనం ఎదుట కచేరీ, దూరాన ఉన్నవాళ్లకు ప్రత్యక్ష ప్రసారం. పాటను ఆన్‌లైన్‌లో పెట్టడం ఇవాళ ఎవరికైనా చేతనవుతుంది. పేరులేని బ్యాండుకు కష్టమల్లా, తన సంగతి తెలిసిన ఊళ్లో, టికెట్టు కొని వచ్చినవాళ్ల ముందు వాయించే అవకాశం దొరకడమే. ఈ చిన్న స్టేషన్ ఆ పనికి పూనుకుంది. ఇంటర్నెట్‌లోని వేల స్టేషన్ల నడుమ బ్రిస్టల్ పేరు వినిపించడానికి 1927 నాటి కీర్తికన్నా ఇదే గట్టి కారణం.